మా ఓనరమ్మ కందిలి

మా ఓనరమ్మ పోయింది. ఆ సంగతి చెప్పడానికి ఆమె కొడుకు ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీసులో మీటింగులో ఉన్నాను. బయటికి వచ్చి మాట్లాడాను. అతని గొంతులో ఏడుపు లేదు, కంగారు ఉంది.

"అమ్మ పోయిందక్కా. దవాఖానలనే ఉన్నం. ఏడికి తీస్కపోవాల్నో సమజైతలేదు," అన్నాడు.

తల్లి పోయిన గంటలో కొడుకు అనవలసిన మాట కాదది. కానీ హైదరాబాదులో కిరాయికి ఉన్నవాళ్ళకి ఆ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆస్పత్రి బిల్లు తర్వాత, ఏడుపు కంటే ముందు, మాకు వచ్చే ఆలోచన అదే. నేను ఏదో అనేలోపు అతనే మళ్ళీ అన్నాడు. "కందిలి నీ తాన్నే ఉన్నది గదా అక్కా. జర తెచ్చిపెట్టు."

ఆమె పేరు ఇక్కడ రాయను. పేరుతో నేనెప్పుడూ పిలవలేదు. ఎదురుగా పెద్దమ్మ అనేదాన్ని, ఇంట్లో మాలో మేము ఓనరమ్మ అనుకునేవాళ్ళం. గోపన్‌పల్లి పాత ఊళ్ళో ఆమె పెంకుటింటి ముందున్న రెండు గదుల పోర్షన్లో మా అమ్మ, నాన్న, నేను ఏళ్ళ తరబడి అద్దెకి ఉన్నాం. పోయేనాటికి ఆమె ఏ ఇంటికీ ఓనరు కాదు, మాలాగే కిరాయిదారు. అయినా నాకు మరో పిలుపు రాదు.

మేము తెనాలి వైపు నుంచి వచ్చినవాళ్ళం. మా అమ్మ కూరగాయల బండివాడి నుంచి కలెక్టరు దాకా అందరినీ "అండి" అంటుంది. ఓనరమ్మకి అది మొదట్లో అసలు పడలేదు. "నన్ను అండీ అంటవేంది చెల్లె? నా ఎనక ఇంకెవలో నిలబడ్డరా అని మర్లి సూసుకునుడు అయితుంది," అనేది. అమ్మ నవ్వి, "సరేనండి," అనేది.

ఆమె దేవత కాదని ముందే చెప్పేస్తున్నాను. పోయినవాళ్ళందరినీ దేవతల్ని చేసే అలవాటు నాకు నచ్చదు. నీళ్ళ మోటారు దగ్గర మాతో గట్టిగానే పోట్లాడేది. మా అమ్మ ఎండబెట్టిన మాగాయ ముక్కలు తన మంచానికి అడ్డమొచ్చాయని ఒక రోజంతా మాట్లాడలేదు. నేను ఆఫీసు నుంచి ఏ కారులో దిగాను, ఎవరు దింపారు అని అడక్కుండా నిద్రపోయేది కాదు. కానీ పొద్దు వాలే వేళకి ఎంత కోపమున్నా మరిచిపోయేది. అది కందిలి తుడిచే వేళ.

మేము లాంతరు అంటాం, వాళ్ళు కందిలి అంటారు. కింద కిరోసిన్ పోసే బుడ్డి, మధ్యలో గాజు గ్లాసు, చుట్టూ తీగ, పైన పట్టుకోవడానికి కమ్మీ. గోడ అవతల పెద్ద పెద్ద అపార్టుమెంటు టవర్లు, వాటికి జనరేటర్లు, కరెంటు పోయినా రెప్పపాటులో వచ్చే లైట్లు. ఇవతల ఈమె రోజూ సాయంత్రం అరుగు మీద పేపరు ముక్కతో గ్లాసు తుడుస్తూ కూర్చునేది. ట్యూబులైటు వెలుగుతూనే ఉండేది, దాని కిందే కందిలి కూడా ముట్టించేది. కరెంటుండగా ఇదెందుకని అడిగాను ఒకసారి. "కరెంటు ఎవని చేతుల ఉన్నదో నాకెర్క లేదు బిడ్డా. ఇది నా చేతుల ఉన్నది," అంది.

దానికో పద్ధతుండేది. పాత కత్తెరతో వత్తి కొసని తిన్నగా కోసి, రెండు మూలల్ని కాస్త గుండ్రంగా చేసేది. లేకపోతే మంటకి కొమ్ములు మొలుస్తాయట, గ్లాసు రెండు పక్కలా నల్లబడుతుందట. బుడ్డిని ఎప్పుడూ నిండా నింపేది కాదు. "గొంతుదాక పోస్తె మనిషే కక్కుతడు, ఇదెంత," అనేది. వెలుగుతున్న కందిలిలో గ్యాస్‌నూనె, అదే కిరోసిన్, పోయబోయిన తన మరిది చేతి మీద ఆమె కొట్టడం నేను చూశాను. ఆయన అప్పటికే తాతయ్యాడు. ముట్టించాక వత్తిని వెంటనే పెంచనిచ్చేది కాదు. "గ్లాసుకూ వేడికీ జర సుట్టరికం కలవనియ్యి," అనేది. గదిలో పెడితే కిటికీ రెక్క ఓరగా తెరవాల్సిందే, చలికాలమైనా సరే. దోమలొస్తాయని నేను మూస్తే లేచి వచ్చి తెరిచేది.

ఆర్పడం దగ్గర మాత్రం ఆమెతో చాలాసార్లు చివాట్లు తిన్నాను. నాకు పైనుంచి ఒక్క ఊపు ఊదేయడం అలవాటు. "ఊదకు. వత్తి దించు, దించి నిలబడు. పొయ్యేదాన్ని తొందర పెట్టొద్దు," అనేది. పొగ ఎదురు తిరిగి మంట బుడ్డిలోకి పోతుందని భయం కావచ్చు. ఆమె మాత్రం ఎప్పుడూ అంతవరకే చెప్పేది.

ఆ కందిలి మా ఇంట్లోకి రావడం మా నాన్న పోయిన రోజున జరిగింది. నాన్న ఆస్పత్రిలో పోయారు. అంబులెన్సు బయల్దేరకముందే మా బాబాయి ఫోన్లో, "ఓనర్లు శవాన్ని రానివ్వరమ్మా, నేరుగా ఊరికి తీసుకొచ్చేయండి, లేదంటే అక్కడే శ్మశానానికి," అన్నాడు. తెనాలి అంటే రాత్రంతా ప్రయాణం. అమ్మ ఆ మాట విని, నన్ను వెంటబెట్టుకుని ముందుగా ఇంటికి వచ్చి గేటు దగ్గర నిలబడింది. ఓనరమ్మ, ఆమె మరిది అక్కడే ఉన్నారు. అమ్మ అడగలేదు, బతిమాలలేదు. "ఆయన్ని ఇంటికి తేవాలండి," అంది.

మరిది తల అడ్డంగా ఊపాడు. కోపంగా కాదు, లోకం తీరు చెబుతున్నట్టే అన్నాడు. "వదినె, కిరాయోళ్ళ పీనుగ ఇంట్లకొస్తే మంచిది గాదు. నచ్చెత్రం బాగలేకపోతె ఇల్లు ఇడిసిపెట్టాలె. రేపు ఈ ఇంట్ల ఎవడు దిగుతడు?"

ఓనరమ్మ ఆయన వైపు చూడలేదు. "గా మనిషి మొన్న ఈ గుమ్మంలకెల్లే నడుసుకుంట పోయిండు," అంది. "మల్ల ఈ గుమ్మంలకే వస్తడు. ఇంకేడికి పోతడు?" గేటు రెండు రెక్కలూ తనే తెరిచి, కదలకుండా రాళ్ళు పెట్టింది.

నాన్న తల దగ్గర అమ్మ నూనె దీపం పెట్టింది. వచ్చేపోయేవాళ్ళతో తలుపులు తెరిచే ఉన్నాయి, గాలికి దీపం ఆరిపోయింది. మళ్ళీ వెలిగించాం, మళ్ళీ ఆరింది. ఆరిన ప్రతిసారీ అమ్మ కొత్తగా ఏడిచింది. అప్పుడు ఓనరమ్మ కందిలి పట్టుకుని లోపలికి వచ్చింది. నువ్వుల నూనె దీపమే ఉండాలని అప్పటికి ఊరి నుంచి చేరిన బాబాయి అన్నాడు. "మీ దీపం మీరు పెట్టుకోండ్రి. ఇది పక్కకుంటది. అది మలిగితే దీన్నుంచి ముట్టించుకోండ్రి," అని, కందిలిని నాన్న తలాపున పెట్టి వెళ్ళింది. దినాలు అయ్యేదాకా పొద్దున్నే వచ్చి గ్లాసు తుడిచి, నూనె చూసి వెళ్ళేది. ఒకరోజు నాతో అంది. "పోయినోనికి తొవ్వ కావాలె. ఆ తొవ్వ ఏడిదాక ఉన్నదో మనకెర్కనా? ఆరకుంట సూస్కునుడే మన పని." నాకు నాన్న విషయంలో ఇంకెవరూ ఇంత పనికొచ్చే మాట చెప్పలేదు.

కొన్నాళ్ళకి ఆ కందిలి అడుగు తుప్పుపట్టి కారడం మొదలెట్టింది. అరుగు మీద గుండ్రటి నూనె మరక చూసి, "దీని పని అయిపోయింది," అంది. ఆమె పెనిమిటి తలాపున కూడా పెట్టిన కందిలి అది. ఒక సెలవు రోజున నన్ను వెంటబెట్టుకుని బస్సులో బేగంబజారు తీసుకెళ్ళింది.

మొదటి కొట్లో అతను చార్జింగు లాంతరు చేతికిచ్చాడు. కందిలి ఆకారమే, లోపల బల్బు. ఆమె దాన్ని తిరగేసి, "దీంట్ల నేనేం పొయ్యాలె?" అని అడిగింది. అతను నవ్వుతూ అటక మీంచి దుమ్ముపట్టిన అసలువి కొన్ని దించాడు. మెరిసే రంగు వేసినవాటిని ఆమె చేత్తో కూడా ముట్టలేదు, రంగు కింద అతుకులు దాస్తారని. పొడుగ్గా సన్నగా ఉన్నవాటిని పక్కకి నెట్టింది, అవి కాలు తగిలితే పడతాయి. అడుగు వెడల్పుగా ఉన్నవి రెండు మిగిలాయి. వాటిలో నీళ్ళు పోయించి, కింద పేపరు పరిచి, మేము చాయ్ తాగి వచ్చేదాకా కదపొద్దంది. తిరిగొచ్చాక ఒకదాని కింద పేపరు తడిసి ఉంది. రెండోదాని వత్తి మర తిప్పి, రెండు వైపులా సమంగా లేస్తోందో లేదో చూసింది. గ్లాసుని ఎండకి పట్టి బుడగలు వెతికింది. బుడగ ఉన్నచోటే పగులుతుందట. కొట్టువాడు అప్పటికి నవ్వడం మానేశాడు, విసుక్కుంటున్నాడు. ఆమెకి అదేం పట్టలేదు.

తిరుగు బస్సులో దాన్ని కొంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. కాసేపయ్యాక చాలా మామూలుగా, "ఇగ ఇది సాలు. నా తలాపుకు పెట్టేదాక ఆగుతది," అంది. నేను కసిరాను. "బజార్ల ఉప్పు కొంటం, పప్పు కొంటం. ఇది కొనుక్కుంటె తప్పేంది బిడ్డా?" అంది.

తర్వాత ఆమె కుటుంబం ఆ జాగాని అపార్టుమెంటు కట్టడానికి బిల్డరుకిచ్చింది. చుట్టుపక్కల అందరూ ఇచ్చారు, వీళ్ళదే మిగిలింది. కట్టాక మొదటి అంతస్తులో ఒక ఫ్లాటు ఆమెది. అప్పటిదాకా అందరూ తలో చోటుకి. మేము పక్క వీధి అపార్టుమెంటులో అద్దెకి చేరాం. ఆమె, కొడుకు ఆ వెనక సందులో ఒక పోర్షన్ తీసుకున్నారు. పుట్టి బుద్ధెరిగాక ఆమె కిరాయింట్లో ఉండటం అదే మొదలు.

అద్దెకుండేవాళ్ళం ఇల్లు చూడటానికి వెళ్తే నీళ్ళు వస్తాయా, బండి ఎక్కడ పెట్టుకోవాలి అని అడుగుతాం. ఒక ప్రశ్న మాత్రం అడగం. జవాబు తెలుసు కాబట్టి అడగం. ఆమెకి ఆ సంగతి తెలియదు, అడిగేసింది. "మల్ల నాకు వయసైంది, నేనీడ పోతె ఎట్ల?" అని. ఆ ఇంటాయన నవ్వి, "గసొంటి మాటలెందుకమ్మా, జల్దిన మీ ఇంటికి మీరు పోతరు," అన్నాడట. ఆ నవ్వుని ఆమె ఒప్పుకోలు అనుకుంది. ఓనరుగా ఎప్పుడో తను అన్న మాట నిలబెట్టుకుంది కాబట్టి, ఓనర్ల నవ్వులు కూడా మాటలే అనుకుంది. మా అమ్మకి చెబుతూ మురిసిపోయింది కూడా. "మంచోడు చెల్లె, ఏం ఫికర్ లేదు," అంది. అమ్మ నా వైపు చూసింది. నేను చాయ్ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళాను.

ఆ ఇంటాయనకి కిరోసిన్ వాసన పడదు. అందుకని కందిలి నా దగ్గర పెట్టింది. "ఇల్లయినంక తెచ్చియ్యి. నెలకోపాలి ముట్టియ్యి, లేకుంటె వత్తి గట్టిపడ్తది," అంది. రేషన్లో కిరోసిన్ ఆగిపోయి చాలాకాలమైంది. ఆమె దాచుకున్న చిన్న డబ్బా కూడా నాకే ఇచ్చింది. మా బాల్కనీలో నేను ముట్టించిన మొదటిసారి ఎక్కడో ఏదో కాలుతోందని వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు.

ఆమెకి ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఆస్పత్రిలో చేర్చాక చూడటానికి వెళ్ళాను. ముక్కుకి గొట్టం. మాట్లాడొద్దన్నా వినలేదు.

"ఇల్లు ఏడిదాక వచ్చింది?"

"స్లాబులు పడుతున్నాయి పెద్దమ్మా."

"మన అంతస్తుకు గోడలు లేసినయా?"

"ఇంకా లేదు. గీతలు గీశారు."

 నా చెయ్యి పట్టుకుంది. "గా కిరాయింటాయన నన్ను లోపటికి రానిస్తడా బిడ్డా?" అంది. ఎవరైనా ఏదో ఒకటి చెప్పేస్తారు అలాంటప్పుడు. రానిస్తాడు అని నేనూ చెప్పాను. ఆమె నా ముఖం చూసి, చెయ్యి వదిలేసి, "ఆయన నవ్విండు గదా," అంది. నమ్మకంగా అనలేదు. తనకి తనే గుర్తు చేసుకుంటున్నట్టు అంది. ఆ గొంతు నా చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు. అంత పెద్ద జబ్బు కూడా ఆమెని అంత దీనంగా చెయ్యలేదు.

ఆమె పోయిన రోజు నేను ఇంటికెళ్ళి కందిలి, డబ్బా, కత్తెర తీసుకుని బయల్దేరేసరికి జవాబు వచ్చేసింది. ఇంటాయన ఆమె కొడుక్కి ఫోన్ చేసి, "ఏమనుకోకు తమ్మీ, మిగతా పోర్షన్ల పిల్లలున్నరు, మల్ల ఎవలు దిగరు," అన్నాడట. మర్యాదగానే అన్నాడు. ఆయన దుర్మార్గుడేమీ కాదు. అందరికీ ఉన్న భయమే ఆయనకీ ఉంది. నాకు ఆయన మీద కంటే ఆ మర్యాద మీద ఎక్కువ కోపం వచ్చింది. ఆమెని మా ఇంటికి తేవచ్చా అని మా ఓనరుకి నేను ఫోన్ చేశాను. ఆయన, అసోసియేషన్ ఒప్పుకోదండి అన్నారు. అమ్మ మంచం మీద కూర్చుని, "ఆవిడ మనకి తలుపు తీసింది కదే," అంది. 

ఆస్పత్రి గేటు దగ్గర అంబులెన్సు తలుపు తెరిచే ఉంది. నేరుగా శ్మశానానికే పోదామని ఎవరో అన్నారు.  అప్పుడు మరిది ముందుకొచ్చాడు. మా నాన్న పోయిన రోజున తల అడ్డంగా ఊపిన మరిదే. "ఒకని ఇల్లు మనకెందుకు?" అన్నాడు. "వదినె జాగ వదినెకు లేదా? ఎక్కించుండ్రి."

సైటు దగ్గర సూపర్‌వైజరు బిత్తరపోయాడు. సారుని అడగాలండి అంటూ ఫోన్ చేశాడు, అవతల ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. తర్వాత ఫోన్ జేబులో పెట్టుకుని, కంకర కలిపే మిషను ఆపించాడు.  పనివాళ్ళని పిలిచి మెట్ల మీదున్న చెక్కలు పక్కకి తీయించాడు. "రెయిలింగ్ లేదండి, అంచుకి రాకండి," అన్నాడంతే.

ఆమెని మొదటి అంతస్తుకి మోసుకెళ్ళారు. నాలుగు వైపులా ఏమీ లేదు. స్తంభాలు, పైన స్లాబు, కింద స్లాబు. గోడలు రావలసిన చోట సున్నం గీతలు ఉన్నాయి. మోసేవాళ్ళు ఎటు దగ్గరైతే అటు నడవబోయారు. మరిది చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. "ఆగుండ్రి. దర్వాజ ఇటు," అన్నాడు. గీతల మధ్య వదిలిన ఖాళీ చూపించాడు. అందులోంచే ఆమెని ఇంట్లోకి తెచ్చారు.

వత్తి కొస కోసి, బుడ్డి సగం నింపి, చెయ్యి తుడుచుకుని ముట్టించాను. వేడికీ గ్లాసుకీ చుట్టరికం కలిసేదాకా ఆగి, అప్పుడు పెంచాను. టవర్ల వైపు నుంచి గాలి ఈడ్చి కొడుతోంది. అగరొత్తుల బూడిద ఎగిరిపోయింది, పూలు దొర్లాయి, తెల్లగుడ్డకి ఇటుకలు పెట్టాల్సొచ్చింది. ఆమె తలాపున కందిలి మాత్రం వెలుగుతూనే ఉంది. మా అమ్మ దాని పక్కనే కూర్చుని, ఆమెని చివరిసారి కూడా, "వెళ్ళిరండి," అంది.

ఎత్తే వేళకి పొద్దు వాలుతోంది. ఈసారి మోసేవాళ్ళకి ఎవరూ ఏమీ చెప్పలేదు. సున్నం గీతల మధ్య ఖాళీ దగ్గరికి వచ్చి, అక్కడ గుమ్మం ఉన్నట్టే పాడెని కాస్త వాలుగా తిప్పి, భుజాలు దగ్గరికి చేర్చుకుని, ఒకరి తర్వాత ఒకరు బయటికి అడుగుపెట్టారు. నేను అక్కడే నిలబడి ఏడ్చాను.

దినాలు అయ్యేదాకా కందిలి అక్కడే ఉంది. పొద్దున కొడుకు, సాయంత్రం నేను చూసుకున్నాం. కింద పని మళ్ళీ మొదలైంది. ఆఫీసు నుంచి వస్తుంటే మలుపు దగ్గర కారులోంచి అది కనిపించేది. టవర్లలో లైట్లు వెలగకముందే చూడాలి, వెలిగాయంటే ఆ వెలుతురులో ఎక్కడుందో తెలిసేది కాదు. చివరి రోజున మలుపు దగ్గర చూస్తే లేదు. గాభరాగా దిగి మెట్లెక్కాను. రోడ్డు వైపు ఇటుక గోడ నడుం ఎత్తు లేచింది, దాని వెనక కందిలి వెలుగుతోంది. గ్లాసు ఒక పక్క నల్లబడింది. వత్తి మూల నేను సరిగ్గా కొయ్యలేదు.

కొడుకు అప్పటికే కర్మలు ముగించుకుని, గుండుతో వచ్చి కూర్చున్నాడు. "ఇగ మలిపెయ్యక్కా," అన్నాడు. నేను ఊదలేదు. మర తిప్పి వత్తి దించాను. మంట చిన్నదై, నీలంగా మారి, వత్తి అంచు పట్టుకుని ఉండిపోయింది. ఎదుటి టవర్లలో ఒక్కో అంతస్తే లైట్లు వెలిగాయి. అతను లేచి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. అది దానంతటది పోయేదాకా ఇద్దరం అలాగే నిలబడ్డాం.